పంతొమ్మిది కిలోలు

అక్టోబరు రెండో వారం. ఉలాన్‌బాతర్‌లో బొగ్గుపొగ
మూడో అంతస్తు కిటికీదాకా లేచే కాలం.
నా గది తలుపుకి ఆ యేటి జాబితా అంటించాను:
మెకానిక్స్ సెమినార్, ఇరవై రెండు అంశాలు,
ఒక్కోదాని పక్కన పేరు కోసం ఒక ఖాళీ గీత.
నిజం చెప్పాలంటే అది పోయినేటి జాబితాయే.
అంతకు ముందేటిది కూడా.
తేదీ ఒక్కటే కొత్తది.

మధ్యాహ్నానికల్లా బొంగరం పోయింది.
జంట లోలకం కోసం ఇద్దరు పోట్లాడుకున్నారు,
దానికి రంగురంగుల బొమ్మలు తేలిగ్గా దొరుకుతాయని.
రాకెట్టుని గన్‌జోరిగ్ ఎగరేసుకుపోయాడు;
ఏటా ఎవడో ఒక గన్‌జోరిగ్ ఎగరేసుకుపోతాడు.
ఊగే వంతెన, కాళ్ళమీదే పడే పిల్లి, పడిపోని సైకిలు...
సాయంత్రానికి మిగిలినవి రెండు:
పొడి ఘర్షణ, ఒత్తిడికి వంగే కడ్డీ.
ఎవరూ ముట్టుకోనివాటిని చూస్తే నాకు జాలి.
నేను చదువుకునే రోజుల్లో నాకు దక్కింది పొడి ఘర్షణే.

ఉద్వల్ అందరికన్నా చివర వచ్చింది,
చేతి తొడుగులు పళ్ళతో లాగుతూ.
"జాబితాలో లేనిది తీసుకోవచ్చా మాస్టారూ?"
అలా అడిగేవాళ్ళు రెండు రకాలు:
ఏమీ చదవనివాళ్ళు, మరీ చదివేసినవాళ్ళు.
"ఏమిటది?"
"తాడు."

ఆ తాడు నాకు తెలుసు, వేసవి సెలవుల్లో తెలిసినంత;
నేను రేడియేటర్ పక్కన పెరిగిన అపార్ట్‌మెంటు మనిషిని.
ఉన్ని గుడారం నడినెత్తిన చెక్క చక్రం,
దాన్నించి దిగే తాడు.
మామూలు రోజుల్లో మడిచి కప్పు వాసాల్లో దోపుతారు.
వసంతంలో దుమ్ముగాలి లేస్తే
దించి, ఓ బండరాయి కడతారు,
కప్పు ఎగిరిపోకుండా.

"ఆ రాత్రి రాయి వెతికే వ్యవధి లేదు," అంది.
"అమ్మ తాడు నా చేతికిచ్చి వేలాడమంది.
నాకు ఏడేళ్ళు, పంతొమ్మిది కిలోలు.
ఆ వారమే టీకాల డాక్టరమ్మ తూచిన కార్డు ఇంకా ఉంది.
తెల్లారేదాకా వేలాడాను.
నాకు తెలియాల్సింది ఒక్కటే.
నేను సరిపోయానా?"

జాబితా అడుగున, గీత లేని చోట,
ఇరవై మూడు అని నేనే రాశాను.

నవంబరులో ఆమె వంతు వచ్చింది.
పిన్నివాళ్ళ గుడారం విప్పించి
ఉన్ని, వాసాలు, చక్రం, తలుపుతో సహా
పశువుల తూకం మీద తూచుకొచ్చిందట.
బోర్డు మీద మూడు వరసలు:
గుడారం బరువు రెండువందల యాభై.
ఆ గాలి పైకెత్తేది మూడువందల ఎనభై.
కొరత నూటముప్పై.
నాలుగో వరసలో చిన్న అంకెలతో: నేను, పంతొమ్మిది.

గాలి లెక్కలంటూ వెనక బెంచీలో ఎవరో నవ్వారు.
గన్‌జోరిగ్ మాత్రం నవ్వలేదు.
"మరైతే ఎలా నిలబడింది?"

"అమ్మకి ఫోన్ చేశాను.
నాన్న బయట చీకట్లో
అంచుతాళ్ళన్నీ గొర్రెల దొడ్డి గుంజలకి కట్టేశాడట.
మరి నాకెందుకిచ్చావు తాడు? అన్నాను.
నువ్వు ఏడుస్తుంటే
లోపలున్న గొర్రెపిల్లలు బెదురుతున్నాయి, అంది."

సుద్ద దులుపుకుని వెళ్ళి కూచుంది.
తర్వాత వంగే కడ్డీ. వినలేదు నేను.

ఆ రాత్రి మార్కులు వేస్తూ ఒక తప్పు పట్టుకున్నాను.
గాలి సాంద్రత సముద్రమట్టానిది వేసింది.
మాకు సముద్రమెక్కడిది?
వాళ్ళ గుడారమున్న ఎత్తున గాలి పలచన.
దిద్దితే దాదాపు యాభై కిలోలు తగ్గుతాయి.
కొరత ఎనభై.
ఎర్రసిరాతో అంచున లెక్క వేసి చూపించాను.
పంతొమ్మిది ఇంకా చాలవు.
కింద, "అయినా దగ్గరపడ్డావు" అని రాశాను.
కొట్టేశాను.
కాసేపు ఊరుకుని
మళ్ళీ రాశాను.